వార్షిక నివేదిక: ఆశ్రయం కోరేవారి మానసిక ఆరోగ్య విభాగం

సభ్యులకు నమస్కారం.

బ్రిటన్‌లో ఆశ్రయం కోరి ఎదురుచూస్తున్న గే, బైసెక్సువల్ పురుషులకు తోడుండటం మన విభాగం పని. ఈ ఏడాది సమయంలో సింహభాగం హోం ఆఫీస్ (ఆశ్రయంపై నిర్ణయం తీసుకునే ప్రభుత్వ శాఖ) చేసే ఇంటర్వ్యూకు ముందు మాటలు సరిచూడటానికే పోయింది. కౌన్సెలింగ్ వదిలేసి ఇదేమిటని కొందరు సభ్యులు అడిగారు. కారణం ఇదీ.

భయం వల్ల గుట్టుగా బతికేవాణ్ణి "అలాగే బతుకు పో" అని వెనక్కి పంపకూడదని అక్కడి సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. దాంతో గొడవంతా "అసలు నువ్వు గేవేనా?" అన్న దగ్గరికి చేరింది. 2022 జూన్ 28 తర్వాతి దరఖాస్తుల్లో దీనికి రుజువు స్థాయి కూడా పెంచారు. లాయర్లు వాడే ప్రశ్నల వరుసలో నాలుగు మెట్లు: తేడాగా అనిపించడం, వెలి, సిగ్గు, హాని. మొదటి మెట్టు మీదే మనవాళ్లకు కాలు జారుతుంది. "తేడా" మనకు తిట్టు. దుబాసీ "నీకు ఎప్పట్నుంచి తేడా?" అన్నాడంటే ఇక గంటలకొద్దీ పొడి సమాధానాలే. "మిగతా మగపిల్లల్లా లేనని ఎప్పుడనిపించింది?" అంటే మాట కదులుతుంది. బైసెక్సువల్‌ను "ద్విలింగ" అంటే ఇంకో తంటా; అది బడిలో మందారం గురించి చదివిన మాట. "బైసెక్సువల్" అనే అనమంటున్నాం. "తల తీసేసినట్టయింది" అన్నది సిగ్గు గురించని దుబాసీ చెప్పకపోతే, ఎవరో నరుకుతామన్నట్టు రికార్డుకెక్కుతుంది.

అనువాదం తప్పితే అక్కడికక్కడే చెప్పాలి, అది రికార్డులో ఉండాలి. ఆడియో కాపీ అడగాలి. దుబాసీ ఆడవారా, మగవారా అన్నది ముందే కోరుకోవచ్చు. మన జిల్లావాడే దుబాసీగా వస్తే కబురు ఇంటికి చేరుతుందన్న భయం ఉత్తది కాదు. లాయరుకు ముందే చెప్పండి.

తేదీల విషయంలో బట్టీ పట్టించడం మానేశాం. కొసావో, బోస్నియా శరణార్థులను రెండుసార్లు అడిగి చూసిన 2002 నాటి అధ్యయనంలో, నిజం చెప్పేవారి మాటలూ రెండోసారికి మారాయి. పదో తరగతి, ఇంటర్, అక్క పెళ్లి లాంటి గుర్తులతో ఒక గీత గీయిస్తున్నాం. గుర్తులేనిదాన్ని "సుమారు" అనమంటున్నాం.

ఇక డాక్టరు దగ్గర. జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవడానికి గుర్తింపు కార్డు, చిరునామా రుజువు తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో కాదంటే ఇదే మాట చెప్పండి. మనవాళ్లు "తలనొప్పి, గుండె దడ" అని ఆగిపోతారు, పారాసిటమాల్‌తో తిరిగొస్తారు. కుంగుబాటును కొలవడానికి గత 2 వారాల గురించి 9 ప్రశ్నల కాగితం ఇస్తారు, మొత్తం 27 మార్కులు. చచ్చిపోవాలనిపిస్తోందా అన్న తొమ్మిదో ప్రశ్నకు, హోం ఆఫీస్‌కు తెలుస్తుందని సున్నా పెట్టేస్తారు. ఆ కాగితం దానంతటదే అక్కడికి పోదు. పైగా డాక్టరు ముందే రాసిపెట్టిన నోట్స్, తిరస్కరణ వచ్చాక తెచ్చిన ఉత్తరం కన్నా గట్టిగా నిలబడతాయి. సెర్ట్రలిన్ లాంటి కుంగుబాటు మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికే "లాభం లేదు" అని ఆపేయడం మేం ఎక్కువగా చూసే పొరపాటు.

ఆశ్రయం కోరేవారిని ఉంచే హోటల్ నుంచి వేరే ఊరికి మార్చినప్పుడే చికిత్స తెగిపోతుంది. సంచిలో ముందే పెట్టుకోవాల్సినవి: ప్రిస్క్రిప్షన్ చీటీ, రికార్డు సారాంశం, హెచ్‌సీ2 కాగితం (వైద్య ఖర్చుల మినహాయింపు పత్రం). గదిలో సొంత దేశంవాళ్లే ఉండి ముప్పుంటే వేరే గది కోసం లాయరు చేత రాయించాలి. "సర్దుకుపోతాను" అని ఊరుకోవడం కేసుకూ, నిద్రకూ చేటే.

తెలుగువారి కేసులు మరీ కష్టం. 2018 సెప్టెంబరు 6 తర్వాత భారత్‌లో స్వలింగ సంబంధం నేరం కాదు కాబట్టి, హాని ఇంటివాళ్ల నుంచేనని, పోలీసులు కాపాడలేదని, వేరే నగరానికి పోయినా లాభం లేదని చూపించాలి.

తిరస్కరణ వచ్చిన రాత్రి ఎవరినీ ఒంటరిగా వదలకండి. ప్రాణం మీదికొస్తే అత్యవసర నంబరు 999, మాట్లాడటానికి సమారిటన్స్ హెల్ప్‌లైన్ 116 123. దేశంలో ఉండగా అప్పీలుకు గడువు 14 రోజులు. మొదటి రెండు రోజులు ఎలాగూ ఏడుపులోనే పోతాయి, కాబట్టి మూడో రోజు పొద్దున లాయరుకు ఫోన్ చేసే బాధ్యత మన వలంటీరుదే.