ఉసిరి చెట్ల కింద అరగంట

తల్లిదండ్రులకు నమస్కారం.

కార్తీకం వచ్చింది. వచ్చే శనివారం ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పిల్లలను ఊరి బయటి ఉసిరి తోటకు వనభోజనాలకు తీసుకువెళ్తున్నాం. పులిహోర, ముద్దపప్పు, పెరుగన్నం బడి వంటశాలలోనే చేయిస్తున్నాం. వడ్డన మోదుగ విస్తళ్లలో.

ఈసారి ఒక మార్పు ఉంది. భోజనాలయ్యాక వెంటనే ఆటలు మొదలుపెట్టం. అరగంట సేపు పిల్లలు, ఉపాధ్యాయులు తలా ఒక చెట్టు కింద మౌనంగా కూర్చుంటారు. కిందటి ఏడాది అందరూ ఖోఖో ఆడుతుంటే ఏడో తరగతి పాప ఒకతె కొమ్మల్లోకి చూస్తూ పడుకుంది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి అడిగాం. "ఏమీ లేదు టీచర్, ఇక్కడ హాయిగా ఉంది" అంది. పరీక్షలు, ట్యూషన్ల మధ్య ఆ హాయి మన పిల్లలకు ఎప్పుడు దొరుకుతోంది? ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంవేళ మౌనంగా కూర్చుని పొద్దు గుంకడం చూస్తారు. దాన్ని అస్తాచల్ అంటారు. అక్కడ ఉపన్యాసం ఉండదు, మార్కులుండవు. మనం చేయబోయేదీ అలాంటిదే. కార్తీక దీపం పెట్టే అలవాటున్న పిల్లలు పెట్టుకుంటారు. మిగతావారు తమ దేవుణ్ని తలచుకోవచ్చు, ఊరికే ఆకులు చూస్తూ కూర్చోవచ్చు. మనసు కడిగినట్టు తేటపడడానికి ఏ మతమైనా అడ్డు రాదని నా గట్టి నమ్మకం.

చూడడానికి చాలా ఉంది. చింతాకంత సన్నని ఆకులు, కొమ్మను కరుచుకుని వేలాడే కాయలు, ఒక్కో కాయ మీద ఆరు లేత చారలు. రాలిన కాయ కడుక్కుని కొరికితే ముందు పులుపు, వగరు. తర్వాత గుక్కెడు నీళ్లు తాగితే నోరంతా తీపి. ఈ వింత ఇంతవరకు తెలియని పిల్లలు మన బడిలో ఎందరో ఉన్నారు.

మీకు రెండు విన్నపాలు. పిల్లలతో ఫోన్లు పంపకండి. ఆ అరగంటలో మేమూ ఫోటోలు తీయం. ఇంటికొచ్చాక "ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. వీలైతే ఆ ఆదివారం మీరూ వాళ్లతో దగ్గరలోని చెరువుగట్టు మీదో, గుడి రావిచెట్టు కిందో కాసేపు కూర్చోండి.

అనుమతి పత్రం బుధవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందాలి. తేనెటీగ కుడితే ఒళ్లు దద్దుర్లెక్కే పిల్లలుంటే అందులో తప్పక రాయండి. టోపీ, నీళ్ల సీసా, పాత చెప్పులు చాలు.

మీ ప్రధానోపాధ్యాయురాలు