ముడి చూడు, బావా

ప్రియమైన రఘూ,

గ్రీసులోని కాలిమ్నోస్ ద్వీపం నుంచి పక్కనున్న కోస్ దీవికి వెళ్లే పడవ కోసం పోథియా రేవులో కూర్చుని ఇది రాస్తున్నాను. కొండరాళ్లు ఎక్కీ ఎక్కీ వేళ్ల కొసల మీద చర్మం పూర్తిగా అరిగిపోయింది కాబట్టి దస్తూరీ చూసి నవ్వకు. పది రోజుల ముచ్చట్లు ఇంటికి వచ్చాక తీరిగ్గా చెబుతాను గాని, ఈ చివరి రోజున జరిగినది మాత్రం ఇప్పుడే రాసేయాలి. ఆలస్యం చేస్తే నీ దగ్గర దాచేస్తానేమోనని భయంగా ఉంది.

భువనగిరి ఏకశిల మీద నేర్చుకున్న కొండలెక్కే విద్య ఇక్కడ సగమే అక్కరకు వచ్చింది. అక్కడ పట్టు దొరకని నున్నటి వాలు మీద బూటు రాపిడిని నమ్మి నిలబడతాం. ఇక్కడ సున్నపురాయి నీటిలో కరిగి, కారి, మళ్లీ గట్టిపడి, మర్రి ఊడల్లా కొండ నుంచి వేలాడుతుంది. వాటిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎగబాకాలి. మసూరీ ఊరి పైనున్న గ్రాండే గ్రోటా గుహలో ఆ ఊడలను మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, ఎక్కే సాహసం మాత్రం చేయలేదు. 1996లో సెలవులకు వచ్చిన ఆండ్రియా ది బారి అనే ఇటలీ ఆరోహకుడి కంట ఈ కొండలు పడడంతోనే ఇక్కడ ఈ కొండలెక్కడమంతా మొదలైందట.

నా పంతమంతా 6బి అనే కష్టస్థాయి ఉన్న ఒక మార్గం మీద. రెండుసార్లు చివరి బోల్టు (తాడు తగిలించుకోవడానికి రాతిలో దిగ్గొట్టిన ఇనుప మేకు) దగ్గరే జారాను. ఆ కొండ పడమటి ముఖం కావడం వల్ల మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా మీద పడుతుంది, సాయంత్రం పడవ ఉంది, అందుకని ఈ ఉదయం తొందరలో ఉన్నాను. తాడులో ఎనిమిది అంకె ఆకారపు ముడి మొదటి సగం వేసి, కొసను హార్నెస్‌లోంచి (నడుముకు బిగించుకునే పట్టీలోంచి) దూర్చాను, ఇక ఆ కొసతో ముడి పూర్తి చేయాలి అనేలోగా ఒక మేక మా సంచిలో మూతి పెట్టింది. దాన్ని అదిలించి వచ్చి, బూట్లు బిగించుకుని, చేతులకు చాక్ పొడి రాసుకుని రాతి మీద కాలు మోపాను. తాడు పట్టుకున్న మా బావమరిది "ముడి చూడు, బావా" అన్నాడు. "చూశాలే" అన్నాను విసుగ్గా. అతడు నా మాట వినకుండా దగ్గరికి వచ్చి ముడి పట్టుకుని లాగాడు. తాడు కొస హార్నెస్‌లోంచి సునాయాసంగా జారి అతడి చేతిలోకి వచ్చేసింది.

లిన్ హిల్ అంతటి పేరున్న అమెరికా ఆరోహకురాలు 1989లో ఫ్రాన్సులో ముడి పూర్తి చేయడం మరిచి, పైనుంచి చెట్టు మీద పడి బతికిన కథ నాకు మొదట చెప్పినవాడివి నువ్వే. ఆ తర్వాత ఎన్నోసార్లు కొత్తవాళ్లకు దాన్ని నేనే గొప్పగా చెప్పాను!

ముడి మళ్లీ వేసుకుని ఎక్కాను. కాళ్లు వణికి నాలుగో బోల్టు దగ్గరే పడ్డాను. తాడు బిగిసి, గాలిలో ఊగుతూ, ఎదురుగా సముద్రంలో ఉన్న తెలెందోస్ దీవిని చాలాసేపు చూశాను. మూడోసారి కూడా మార్గం పూర్తి కాలేదు. దించమన్నాను.

ఈ రేవు దుకాణాల నిండా సముద్రపు స్పాంజీలే. పూర్వం ఇక్కడి గజ ఈతగాళ్లు చదునైన రాయి ఒకటి చేతబట్టుకుని, ఆ బరువుతో అడుగుకు దిగి స్పాంజీలు కోసేవారట. రాయికి కట్టిన తాడు పడవలో ఉన్నవాడి చేతిలో ఉండేదట. దుకాణదారుడు చేతులు తిప్పుతూ అది వివరిస్తుంటే మా బావమరిది నా వైపు చూసి ఒక్క మాటా అనలేదు. అతడి మంచితనం అది. నేనైతే ఊరుకునేవాడిని కాదు.

మీ అమ్మగారికి ఒక స్పాంజి తీసుకున్నాను. పడవ వచ్చింది, ఉంటాను.

నీ
మూర్తి