ఫ్లెక్సీ డబ్బులు పిల్లల చదువుకి పెడుతున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఫ్రెండ్ పోయిన ఏడాది చనిపోయాడండీ, బతికున్నన్నాళ్ళూ సాయంత్రాలు కృష్ణలంకలో టెన్త్ తప్పిన పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవాడు, వాళ్ళలో చాలామంది పగలు ఆటోనగర్ షెడ్లలో హెల్పర్లుగా చేసేవాళ్ళే. వాడి సంవత్సరీకానికి ఫ్లెక్సీలు వేద్దాం అన్నారు కొందరు, మేం వద్దని చందాలు పోగేసి ఆ పిల్లల్ని ఓపెన్ స్కూల్లో చేర్పిస్తున్నాం.

చాలామంది తల్లిదండ్రులకి తెలీదు గానీ 14 ఏళ్ళు నిండితే నేరుగా ఓపెన్ టెన్త్‌కి కట్టొచ్చు, ఒకసారి చేరితే 5 ఏళ్ళు టైం ఉంటుంది, పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు, అన్నీ ఒకేసారి గట్టెక్కాలన్న భయం ఉండదు. బడిలో మొద్దు అనిపించుకున్న పిల్లాడికి ఇది ఎంత ధైర్యమో (ఆ మాట వింటే మా వాడికి ఒళ్ళు మండిపోయేది).

కానీ ఫీజు కట్టి పుస్తకాలు చేతిలో పెడితే సరిపోదు, పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పే మనిషి కావాలి, అందుకే వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం టీచర్ జీతానికే పెడుతున్నాం. కార్పొరేషన్ స్కూళ్ళు సాయంత్రం పూట ఒక్క గది ఇస్తే అద్దె ఖర్చు కూడా మిగులుతుంది. మీ పేపర్లో ఓపెన్ స్కూల్ అడ్మిషన్ తేదీలు కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి, ఆ షెడ్ల దాకా కబురు వెళ్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ