ఫ్యాక్టర్ 13 లేని మా పాప తరఫున కృతజ్ఞతలు

మా పాప నిన్న ఈ నెల క్రయో, అంటే దాతల రక్తం నుంచి తీసే గడ్డకట్టించే మందు, ఎక్కించుకుని ఇంటికి వచ్చింది, ఇవాళ బడికి వెళ్లింది. ఈ మాట ఇంత మామూలుగా రాయగలుగుతున్నానంటే దాని వెనుక చాలామంది ఉన్నారు. కొందరు మా ఊరివారు, కొందరు హైదరాబాదువారు, మరికొందరు నేను పుట్టకముందే పని చేసిన శాస్త్రవేత్తలు. అందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. అయితే డాక్టరుగారు, ల్యాబులోని తమ్ముడు తమ పేర్లు రాయవద్దన్నారు. కనుక వారు చేసిన పని రాస్తాను.

రక్తం గడ్డకట్టని జబ్బు అనగానే అందరికీ హీమోఫీలియా గుర్తొస్తుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్లను ఫ్యాక్టర్లు అంటారు. హీమోఫీలియా వాటిలో ఫ్యాక్టర్ 8 గాని 9 గాని లోపించడం వల్ల వస్తుంది, ఎక్కువగా మగపిల్లల్లోనే కనిపిస్తుంది. మా పాపకు లేనిది ఫ్యాక్టర్ 13. ఇది హీమోఫీలియా కంటే ఎన్నో రెట్లు అరుదు, దాదాపు 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ఒకేలా వస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిస్తేనే బిడ్డకు జబ్బు. తల్లిదండ్రులకు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు. మాది మేనరికం. మా వారు నాకు మేనత్త కొడుకు.

పాప పుట్టిన కొద్ది రోజులకు బొడ్డు ఊడింది. ఊడిన చోట రక్తం చెమ్మగా మొదలై, ఆగినట్టే ఆగి, మళ్లీ మొదలైంది. ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు చూశారు. రక్తం గడ్డకట్టే సమయాన్ని చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు చేశారు. అన్నీ నార్మల్ అని చెప్పి, మందు రాసి పంపారు. నడక నేర్చుకునే వయసులో పెదవి చిట్లితే ఆ పూటకు రక్తం ఆగిపోయేది. మర్నాడు మళ్లీ కారేది. ఎక్కడ తగిలినా దెబ్బ చోటు ఆ రోజు బాగానే ఉండి, తర్వాత నల్లగా ఉబ్బేది. ఎక్కడికి తీసుకెళ్లినా అవే పరీక్షలు, అదే నార్మల్. ఆ మాట విని సంతోషపడాల్సిన తల్లిని నేను, కానీ కళ్ల ముందు బిడ్డ ఒళ్లు వేరే కథ చెబుతుంటే ఆ కాగితాలను ఎలా నమ్మను?

మూడేళ్ల వయసులో అరుగు మీద నుంచి పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. మర్నాడు వాంతులు, మగత. స్కానులో తల లోపల రక్తం చేరిందని తేలింది. మా జిల్లా నుంచి అంబులెన్సులో హైదరాబాదుకు తీసుకెళ్లాం.

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మకు నా మొదటి కృతజ్ఞత. పాత రిపోర్టులన్నీ ఆవిడ ముందు పెట్టాను. చూశారు, పక్కన పెట్టారు, నన్ను ఒకటే అడిగారు: "బొడ్డు ఊడిన తర్వాత రక్తం కారిందా అమ్మా?" ఇన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగినవారు లేరు. కారిందన్నాను. మేనరికమా అని అడిగారు. అవునన్నాను. వెంటనే నర్సును పిలిచి, "ముందు రక్తం నమూనా తీయండి, ఆ తర్వాతే క్రయో ఎక్కించండి" అన్నారు. ఆ క్రమం ఎంత ముఖ్యమో నాకు తర్వాత తెలిసింది. దాతల నుంచి వచ్చిన ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) గాని క్రయో గాని ఒంట్లోకి వెళ్లాక ఈ పరీక్ష చేస్తే జబ్బు దాక్కుంటుంది, మళ్లీ వారాల తరబడి ఆగాలి. బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన ఆ నిమిషంలో ఆవిడ వైద్యాన్ని ఆలస్యం చేయలేదు, జబ్బు ఆచూకీనీ పోనివ్వలేదు.

రెండో కృతజ్ఞత ల్యాబు టెక్నీషియనుకు. ఆ పరీక్షకు పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. ప్లాస్మాకు కాల్షియం కలిపి గడ్డ కట్టిస్తారు. ఆ గడ్డను యూరియా ద్రావణంలో వేసి ఒక రోజంతా గమనిస్తారు. మనం పొలంలో చల్లే యూరియాయే, కాకపోతే ల్యాబుకు వాడేది శుద్ధమైనది. మామూలు మనిషి రక్తపు గడ్డ అందులో చెక్కుచెదరదు. ఫ్యాక్టర్ 13 దాదాపు లేనివారి గడ్డ కరిగిపోతుంది. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. ఆ తమ్ముడు అందుకు తన చేతి నుంచే రక్తం తీయించుకున్నాడని తర్వాత నర్సు చెప్పింది. తెల్లవారేసరికి పాప గడ్డ ఆనవాలు లేకుండా కరిగింది. రెండు గొట్టాలూ నా ముందు పట్టుకుని, "ఇది నాది అక్కా, ఇది పాపది" అని చూపించాడు. చదువుకున్నవారు చెప్పే విషయాన్ని కళ్లతో చూడనిచ్చినందుకు అతనికి నేను రుణపడి ఉన్నాను. తర్వాత ఫ్యాక్టర్ 13 శాతాన్ని కొలిచే పరీక్షకు పంపి ఖాయం చేసుకున్నారు.

మరి అన్ని పరీక్షలూ నార్మల్ ఎందుకు వచ్చాయి? పీటీ, ఏపీటీటీ అనేవి గడ్డ కట్టడం మొదలయ్యే వరకు పట్టే సమయాన్ని కొలుస్తాయి. ఫ్యాక్టర్ 13 పని ఆ తర్వాత మొదలవుతుంది. రక్తంలో ఫైబ్రిన్ అనే పోగులు ఏర్పడి గడ్డ తయారైతే, ఆ పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా అతికించేది ఈ ఫ్యాక్టర్. అది లేకపోతే గడ్డ, ముడులు వేయకుండా తాళ్లు మాత్రం పరిచిన వలలా ఉంటుంది. చూడటానికి వలే, కాసేపటికి విడిపోతుంది. మా పాపకు రక్తం ఆగి, మర్నాడు మళ్లీ కారడానికి కారణం ఇదే.

ఈ సంగతి కనిపెట్టినవారి గురించి వెతికి వెతికి చదివాను. 1944లో రాబిన్స్ అనే శాస్త్రవేత్త, శుద్ధి చేసిన పదార్థంతో తయారైన గడ్డ సులువుగా కరిగిపోతోందనీ, మామూలు రక్తంలోని గడ్డ కరగడం లేదనీ గమనించారు. 1948లో హంగరీకి చెందిన లాకి, లోరండ్ అనే ఇద్దరు, గడ్డను గట్టిపరిచే వస్తువు రక్తంలో ఉందని యూరియా సాయంతోనే చూపించారు. దాన్ని చాలాకాలం వారి పేరుతో లాకి-లోరండ్ ఫ్యాక్టర్ అన్నారు. అది లేని మనిషి కూడా ఉంటాడని తెలియడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. 1960లో డుకెర్ట్, ఆయన సహచరులు స్విట్జర్లాండులో ఒక బాలుడిలో ఈ లోపాన్ని గుర్తించారు. ఆ పిల్లవాడి తల్లి కూడా నాలాగే ఊరూరా తిరిగి ఉంటుందని నాకు అనిపిస్తుంది. యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఏ రోగికి పనికొస్తుందో తెలియకుండా, గడ్డ ఎందుకు కరుగుతోందని అడిగినవారి కుతూహలం ఇన్నేళ్ల తర్వాత ప్రకాశం జిల్లా పిల్లను కాపాడింది. వట్టి పుస్తకాల పరిశోధన వల్ల ఎవరికి లాభం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

క్రయో కథ కూడా అలాంటిదే. మంచులా గడ్డకట్టించి నిల్వ చేసిన ప్లాస్మాను చల్లగా ఉంచి నెమ్మదిగా కరిగిస్తే అడుగున తెల్లటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దలో గడ్డకట్టించే ఫ్యాక్టర్లు చిక్కగా ఉంటాయని 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జూడిత్ గ్రాహం పూల్ చూపించారు. ఆవిడ హీమోఫీలియా రోగుల కోసం, ఫ్యాక్టర్ 8 కోసం చేసిన పని అది. ఆ ముద్దలోనే ఫ్యాక్టర్ 13 కూడా ఉండటం మా అదృష్టం. ఈ లోపానికి ప్రత్యేకమైన మందులు ఇప్పుడు ఉన్నాయి. ప్లాస్మా నుంచి తీసిన మందుకు 2011లో, రీకాంబినెంట్ పద్ధతిలో, అంటే దాతల రక్తంతో పనిలేకుండా జన్యు సాంకేతికతతో తయారైన దానికి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి మా స్తోమతకు అందలేదు. మా పాపకు క్రయోయే మందు.

ఈ జబ్బులో ఒక ఊరట ఉంది. ఫ్యాక్టర్ 8 ఒంట్లోకి వెళ్లిన 8 నుంచి 12 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. ఫ్యాక్టర్ 13 సగానికి రావడానికి 9 రోజుల పైనే పడుతుంది, పైగా ఒంట్లో కొద్ది శాతం ఉంటే చాలు, తనంతట తానుగా రక్తస్రావం కాదు. అందుకే నెలకోసారి ఎక్కించుకుంటే సరిపోతోంది. తలలో చేరిన రక్తం శస్త్రచికిత్స లేకుండానే కరిగిపోయింది, ఆ తర్వాత ఇంతవరకు పాపకు పెద్ద రక్తస్రావం కాలేదు. ఇప్పుడు ఆరో తరగతి.

హీమోఫీలియా సొసైటీ వారికి ఏమని చెప్పను! మా పాపది వారి జబ్బు కాదు. అయినా తమ పిల్లలా చూశారు. క్రయో ఎక్కడ దొరుకుతుందో, ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఆస్పిరిన్ ఎందుకు ఇవ్వకూడదో, కండరానికి సూది ఎందుకు వద్దో చెప్పినవారు వారే. మోకాళ్లు వంగని అన్నయ్య ఒకరు కర్ర పట్టుకుని మాతో బ్లడ్ బ్యాంకు మెట్లు ఎక్కారు. ఆయన చిన్నతనంలో ఫ్యాక్టర్ అందక కీళ్లలోకి రక్తం కారి కారి అలా అయ్యాయట. మా పిల్లకు నెలకొక్కసారితో గడిచిపోతుంటే, ఆయనకు వారానికి ఇన్నిసార్లు సూది. ఆ తేడా తెలిసి కూడా మా కోసం ఆనందించిన మనసు అది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో తీవ్రమైన హీమోఫీలియా ఎ ఉన్న ఐదుగురికి వారి మూలకణాల ద్వారానే జన్యుచికిత్స చేశారనీ, చికిత్స తర్వాత గమనించినంత కాలం ఎవరికీ రక్తస్రావం కాలేదనీ 2024 డిసెంబరులో వార్త వచ్చినప్పుడు నేను మొదట ఫోను చేసింది ఆ అన్నయ్యకే. అది అందరికీ అందే రోజు ఆయన చూడాలి.

ఇక రక్తదాతలు. మీరెవరో నాకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. ఒక సంచి క్రయో ఒక దాత ఇచ్చిన రక్తం నుంచి వస్తుంది. పాపకు ఇప్పుడు ప్రతిసారీ రెండు సంచులు కావాలి. మందుల కంపెనీలు ఫ్యాక్టరును శుద్ధి చేసేటప్పుడు వైరస్‌లను చంపే వేడి, రసాయనాల దశలు ఉంటాయి. బ్లడ్ బ్యాంకులో తయారయ్యే క్రయోకు మామూలుగా అవి ఉండవు. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ప్రతి సంచికీ చేస్తారు, అయినా మొట్టమొదటి కాపలా మీరే. దానానికి ముందు ఇచ్చే ఫారంలో మొహమాటపడకుండా నిజం రాసినవారికి, "ఈసారి నేను ఇవ్వకూడదు" అని వెనుదిరిగినవారికి కూడా నా నమస్కారం. ఆ వెనుదిరిగినవారు కూడా మా పాపకు మేలు చేసినవారే.

మా అత్తయ్య గురించి రాయకపోతే ఇది పూర్తికాదు. జబ్బు పేరు తెలిశాక బంధువుల్లో నా మీద మాటలు మొదలయ్యాయి. అత్తయ్య అందరి ముందూ, "దానిలోనూ నా కొడుకులోనూ కలిసింది మా పుట్టింటి రక్తమే. అడగాలంటే నన్ను అడగండి" అంది. అక్కడితో ఆగలేదు. మా చెల్లెలిని మా మరిదికి ఇవ్వాలని అప్పటికే అనుకున్న సంబంధాన్ని ఆపి, ముందు డాక్టరును అడుగుదామంది. జబ్బు లేకుండానే లోపమున్న జన్యువును మోసే వాహకులు యూరియా పరీక్షలో తేలరు, జన్యు పరీక్షే చేయాలని అక్కడ చెప్పారు. ఇద్దరూ చేయించుకున్నారు, ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంది. అంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. సంబంధం మానుకున్నారు, ఎవరి మనసూ విరగకుండా అత్తయ్యే మాట్లాడింది. పెద్ద చదువులేమీ లేని మనిషి ఆవిడ.

పాప పెద్దయ్యాక గర్భం నిలవాలన్నా ఈ ఫ్యాక్టరు ఎక్కించుకుంటూ ఉండాలని డాక్టరమ్మ ఇప్పుడే చెప్పి ఉంచారు. అంత దూరం ఆలోచించి చెప్పినందుకు ఆవిడకు మరోసారి కృతజ్ఞతలు. పాలపన్ను తీయడానికి క్రయో ఎక్కించిన మర్నాటికి తేదీ మార్చుకున్న పళ్ల డాక్టరుగారికి, ఆటల పీరియడులో పాపను కూర్చోబెట్టకుండా దెబ్బ తగలని ఆటలు వెతికి ఆడించే పీఈటీ మాస్టారికి, జబ్బు పేరు, మా ఫోను నంబరు రాసిన కార్డును హాజరు పట్టీలోనే పెట్టుకునే క్లాసు టీచరుగారికి కూడా.