కళ్లజోడు చవకైందన్నారు, ఆ సంగతి బిల్లులో చూపించండి

సంపాదకులు గారికి,

అయ్యా,

జీఎస్టీ తగ్గింపుతో సామాన్యుడికి అందుబాటులోకి వచ్చిన వస్తువుల జాబితాలో కళ్లజోడును కూడా చేర్చి మీ పత్రిక జిల్లా పేజీలో ఆ మధ్య ప్రచురించిన కథనాన్నీ, దాని పక్కనే వేసిన ఉచిత కంటి శిబిరం ఫొటోనూ చూసి, అసలు సంగతి ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లు ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాయవలసి వస్తున్నది. ఫొటోలో వేదిక మీది పెద్దలందరూ చక్కగా కనిపించారు. కళ్లజోడు అందుకుంటున్న ముసలమ్మ మాత్రం ఒక నాయకుడి భుజం వెనుక సగమే కనిపించింది.

ముందు ధర సంగతి. చూపు సరిచేసే కళ్లజోళ్ల మీద, వాటి ఫ్రేముల మీద, లెన్సుల మీద పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించిన మాట నిజమే. అది 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చింది. నేను వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని, లెక్క నాకు తెలుసు. అంతకుముందు మా ఇంట్లో కొన్న జోడుకు ఇచ్చిన బిల్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నది: వస్తువు ధర 2,500 రూపాయలు, పన్ను 300, మొత్తం 2,800. అదే వస్తువు ఇప్పుడు 5 శాతం పన్నుతో 2,625 రూపాయలకు రావాలి. మొన్న మా ఆవిడకు అదే ఫ్రేము, అదే రకం లెన్సు కావాలని శ్రీకాకుళంలోనే ఒక దుకాణంలో అడిగితే 2,800 అన్నారు. పన్ను తగ్గింది కదా అంటే, "అది ప్యాకేజీ రేటు సార్, అందులో అన్నీ కలిసే ఉంటాయి" అన్నారు. సరే, ఫ్రేము ఎంత, లెన్సు ఎంత, పైపూత ఎంత, పన్ను ఎంత విడివిడిగా వేసి బిల్లు ఇమ్మంటే, "బిల్లు కావాలంటే జీఎస్టీ ఎక్స్‌ట్రా అవుతుందండి" అన్నారు. అన్నీ కలిసిన ప్యాకేజీలో పన్ను ఒక్కటే కలవకుండా ఎలా పోయిందో నా సర్వీసంతా చేసిన లెక్కలకు అందలేదు.

పన్ను తగ్గినప్పుడు ఆ మేరకు కొనుగోలుదారుడికి ధర తగ్గించాలని జీఎస్టీ చట్టం 171వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ సెక్షన్ కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం 2025 ఏప్రిల్ 1 నుంచి నిలిపివేశారు. అంటే, అడిగే తలుపు మూసేసిన ఆరు నెలలలోపే పన్ను తగ్గించి, ప్రజలకు పండుగ కానుక ఇచ్చామని ప్రకటించుకున్నారు. మీ కథనం రాసిన విలేకరి ఈ ఒక్క సంగతి కనుక్కుని ఉంటే బాగుండేది. ఇక మిగిలింది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఈ ముక్క ఒక్క కళ్లజోళ్ల దుకాణం గోడ మీదనైనా రాసి ఉందేమో జిల్లా అధికారులు తిరిగి చూస్తే తెలుస్తుంది. తిరగడానికి జీపులు ఉన్నాయి, డీజిలు కూడా ఉన్నది.

బిల్లు విడివిడిగా ఎందుకు కావాలంటే, అసలు దోపిడీ జరిగేది అక్కడే కనుక. మామూలు ప్లాస్టిక్ లెన్సు సూచిక, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.50, దాని పైన 1.56, 1.60, 1.67 అంటూ పలచబడే కొద్దీ ధర పెరుగుతుంది. ఐదు, ఆరు మైనస్ పవర్ ఉన్న కుర్రవాడికి మందపాటి అంచులు తగ్గించడానికి అది ఉపయోగమే. ఒకటిన్నర, రెండు పవర్ వాడే మనిషికి 1.67 లెన్సు అమ్మడం మాత్రం అమాయకత్వాన్ని సొమ్ము చేసుకోవడమే. పిల్లలకైతే దెబ్బకు పగలని పాలీకార్బనేట్ ఇవ్వాలి, ఆ మాట మాత్రం అడిగితే తప్ప చెప్పరు. రాత్రి బండి నడిపేవారికి ఎదురు దీపాల మెరుపు తగ్గించే పైపూత పనికి వస్తుంది, దానికి కొంత పెట్టవచ్చు.

"బ్లూ కట్" అనే ముచ్చట అన్నింటికంటే ఘనమైనది. కౌంటరు మీద ఒక చిన్న నీలి టార్చి ఉంటుంది. దాన్ని ఒక కార్డు మీద వేస్తే రంగు చుక్క పడుతుంది, లెన్సు అడ్డం పెట్టి వేస్తే పడదు. "చూశారా సార్, ఫోన్ నుంచి వచ్చే విషమంతా ఆగిపోతుంది" అంటారు. ఆ టార్చిలోనిది ఊదా రంగుకు దగ్గరగా ఉండే వెలుతురు, ఫోన్ తెరలో ఎక్కువగా ఉండే నీలి వెలుతురు అది కాదు. పైగా ఇలాంటి లెన్సుల మీద జరిగిన పరీక్షలన్నింటినీ పోగుచేసి 2023లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, తెర ముందు పనిచేసేవారి కంటి అలసట మామూలు లెన్సులతో పోలిస్తే వీటివల్ల తగ్గకపోవచ్చునని తేలింది. ఇది తెలిసి కూడా వందల రూపాయలు అదనంగా వసూలు చేస్తూ ఉంటే అడిగే నాథుడు లేడు.

కంటి పరీక్ష తీరు కూడా ఇలాగే ఉన్నది. "కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం" అనే బోర్డు లేని దుకాణం మన జిల్లాలో కనిపించడం కష్టం. ఆ యంత్రం ఇచ్చే అంకెలు ప్రారంభానికే పనికివస్తాయి. ఆ తరువాత ఒక్కొక్క కంటికీ లెన్సులు మార్చి మార్చి చూపించి, ఏది స్పష్టంగా ఉన్నదో అడిగి ఖాయం చేయాలి. చిన్న పిల్లలకు చుక్కల మందు వేసి చూడాలి. షుగరు ఉన్నవారికి అది హెచ్చుతగ్గులు అవుతున్నప్పుడు పవర్ కూడా మారుతుంది కాబట్టి అదుపులోకి వచ్చాకే చూడాలి. నీటికాసులు ఉన్నాయో లేదో ఆ యంత్రం చెప్పదు. ఆరోగ్య అనుబంధ వృత్తులవారి చదువుకు, నమోదుకు నియమాలు పెడుతూ, కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులను కూడా అందులో చేర్చి 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. యంత్రం ముందు కూర్చున్న కుర్రవాడు ఏం చదివాడని అడిగే అధికారి మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు.

పరీక్ష చేసి ఇచ్చే చీటీలో రెండు కంటిపాపల మధ్య దూరం, అంటే అందరూ పీడీ అనేది, రాయరు. కొలుస్తారు, రాయరు. అది మిల్లీమీటర్లలో రాసి ఇస్తే ఆ చీటీ పట్టుకుని మనిషి పక్క దుకాణానికో, ఆన్‌లైన్‌లో చవకగా దొరికే చోటికో వెళ్లిపోతాడని భయం. అడిగితే "అది మా లెక్క కోసం సార్" అంటారు. నా కళ్ల మధ్య దూరం వారి లెక్క ఎలా అయింది?

ఇక శిబిరాల సంగతి. శిబిరాలు వద్దని నేను అనడం లేదు, వాటి వల్ల శుక్లాల ఆపరేషన్లు జరిగి చూపు వచ్చినవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కానీ కళ్లజోళ్ల దగ్గరకు వచ్చేసరికి రెండు కళ్లకూ ఒకే పవరు ఉన్న రెడీమేడ్ జోళ్లను కట్టలు విప్పి పంచి ఫొటో తీయించుకుని వెళ్లిపోతున్నారు. రెండు కళ్లూ సమానంగా ఉండి, సిలిండర్ పవర్ (ఒక్కో దిశలో ఒక్కో రకంగా మసకబారే చూపుకు వేసేది) అవసరం లేకుండా, చత్వారం ఒక్కటే ఉన్నవారికి అవి చాలు. అలా కానివారికి తలనొప్పి మిగులుతుంది. పొందూరులో మా పెదనాన్న గారి కోడలు, నాకు వదిన వరుస, నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, వెంట్రుక కన్నా సన్నగా పోగు తీసే పని అది. శిబిరంలో ఇచ్చిన జోడు పెట్టుకుంటే పోగు రెండుగా కనిపిస్తోందని దాన్ని చూరులో దోపేసి, ఇప్పుడు కూతురి చేత ఏకులు అందించుకుంటూ చేతి స్పర్శతోనే వడుకుతోంది. ప్రభుత్వం లెక్కలో మాత్రం ఆవిడకు చూపు వచ్చేసినట్లే. గుడ్డి కన్నా మెల్ల మేలని సరిపెట్టుకోమంటారు కాబోలు.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసి, గ్రేడు చూసి వేరుచేసే ఆడవాళ్లలో నలభై దాటినవారు ఎందరో ఉన్నారు. గుండు ఏది, బద్ద ఏది అని కళ్లతో తేల్చే పని వారిది. అసోంలోని తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూస్తే, ఇవ్వనివారి కంటే వారి పని దాదాపు 22 శాతం ఎక్కువ అయిందని 2018లో ఒక అధ్యయనం వెలువడింది. ఆ తోటల్లో ఏం చేశారో మన ఫ్యాక్టరీల్లోనూ చేయవచ్చు. ఒక్క పూట ఒక్కొక్క ఫ్యాక్టరీకి పరీక్ష చేసే మనిషిని పంపితే చాలును.

బడిపిల్లల మాట కూడా చెప్పాలి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లోనే మొదలైంది. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న "కంటి వెలుగు" ప్రారంభించి ముందుగా పిల్లలకే పరీక్షలు చేశారు. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు, జోళ్ల డబ్బాల మీద బొమ్మలు మారుతున్నాయి. పిల్లవాడి జోడు కాడ విరిగినప్పుడు, ముక్కు మీది ప్యాడ్ ఊడిపోయినప్పుడు ఎక్కడికి తీసుకుపోవాలో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. ఒక చిన్న మర తిప్పే పనికి ఆ పిల్లవాడు నెలల తరబడి బోర్డు కనపడకుండా కూర్చుంటున్నాడు.

కొన్న జోడు నాలుగు కాలాలు నిలవాలంటే ఏం చేయాలో కూడా ఎవరూ చెప్పడం లేదు. దుమ్ము ఉన్న లెన్సును పంచె చెరగుతోనో చీర కొంగుతోనో పొడిగా తుడిస్తే ఆ ఇసుక రేణువులే గీతలు పెడతాయి. ముందు కుళాయి కింద నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, వేళ్లతో రుద్ది కడిగి, తరువాత మెత్తని గుడ్డతో అద్దాలి. ఎండలో నిలిపిన కారు ముందు భాగంలో వదిలేస్తే ప్లాస్టిక్ వ్యాకోచించినంతగా పైపూత వ్యాకోచించలేక సన్నని బీటలు పడుతుంది, ఇక అది ఎంత తుడిచినా మసకే. మన తీర ప్రాంతంలో చెమట, ఉప్పు గాలి కలిసి లోహపు ఫ్రేముల ముక్కు ప్యాడ్ల దగ్గర పచ్చటి చిలుము పడుతుంది. వారానికి ఒకసారి కడిగితే అది ఆగుతుంది. ఒక చేత్తో లాగి తీస్తే కాడలు సాగి జోడు జారుతుంది కనుక రెండు చేతులతోనే తీయాలి. అమ్మేటప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, కానీ గీతలు పడితేనే కదా మళ్లీ అమ్ముకునేది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, జిల్లా యంత్రాంగం ప్రతి కళ్లజోళ్ల దుకాణంలోనూ ఫ్రేము, లెన్సు, పైపూత, పన్ను విడివిడిగా చూపే ధరల పట్టికను కనిపించేటట్లు పెట్టించాలి. పరీక్ష చీటీలో పీడీ రాసి ఇవ్వడాన్ని తప్పనిసరి చేయాలి. శిబిరం పెట్టిన ఊరికి నెల తరువాత ఒక్కసారి తిరిగి వెళ్లి ఇచ్చిన జోళ్లు ఎవరి ముక్కు మీద ఉన్నాయో, ఎవరి చూరులో ఉన్నాయో చూడాలి. మీ విలేకరిని కూడా ఆ రెండోసారి పంపించండి.

ఇట్లు,
వాణిజ్య పన్నుల శాఖ విశ్రాంత ఉద్యోగి,
శ్రీకాకుళం