అంతరిక్ష నౌక నమూనాకు ముందు స్కేలు, ఆ తర్వాతే ప్రింటరు

సంపాదకుడు గారికి నమస్కారం.

సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష నౌకల నమూనాలు ఇంట్లోనే కట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఈ పనికి ఒక పేజీ ఇచ్చినందుకు చాలా సంతోషించాం. అయితే ఫైలు దించుకోండి, త్రీడీ ప్రింటరులో ప్రింటు తీయండి, అంటించండి, రంగు వేయండి, చివర్లో లైట్లు పెట్టండి అని వ్యాసం చెప్పిన వరసలో పని మొదలుపెడితే సగంలోనే చిక్కుపడతారు. స్కేలు, అంటే నమూనా అసలు నౌక కంటే ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే నిష్పత్తి, ఆ మాటే వ్యాసంలో ఎక్కడా లేదు. లైట్లు చివర్లో పెట్టమనడం తప్పు. స్ప్రే చేసేటప్పుడు ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే చాలనడం ప్రమాదం. వీటిని సరిదిద్దమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాం.

అన్నిటికంటే ముందు, కట్టేది దేనికి నకలో తేల్చుకోవాలి. ‘స్టార్ ట్రెక్’ టీవీ ధారావాహిక (1966–69)లోని ఎంటర్‌ప్రైజ్ నౌకనే తీసుకుందాం. కథ ప్రకారం దాని పొడవు 289 మీటర్లు. 1:350 స్కేలులో కడితే 82.6 సెంటీమీటర్లు వస్తుంది, 1:1000లో 29 సెంటీమీటర్లు. కానీ కెమెరా ముందు పెట్టింది సుమారు 3.4 మీటర్ల, అంటే 11 అడుగుల బొమ్మను. కలప, అచ్చుపోసిన ప్లాస్టిక్, చుట్టిన లోహపు రేకు కలిపి దాన్ని చేశారు. అది 1974లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. 2016లో పునరుద్ధరణ పూర్తి చేసి, వాషింగ్టన్‌లోని నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. కథలోని నౌకతో పోల్చి లెక్కవేస్తే ఆ బొమ్మ స్కేలు దాదాపు 1:85. అందుకని 82.6 సెంటీమీటర్ల నకలు కట్టేవాళ్లు కథలో ఇచ్చిన కొలతలను 350తోనూ, బొమ్మ మీద తీసిన కొలతలను 4.1తోనూ భాగించాలి. చూసుకోకుండా రెండు రకాల కొలతలూ ఒకే కాగితం మీద కలిపేస్తే ముందున్న గుండ్రని పళ్లెం ఆకారపు భాగానికీ వెనక ఇంజిన్ గొట్టాలకూ పొంతన కుదరదు. ఆ సంగతి అంటించాక గాని తెలియదు.

దేనికి నకలన్న ఈ ప్రశ్న కొలతలతోనే ఆగదు. ఆ 11 అడుగుల బొమ్మకు లైట్లు పెట్టాక తీగలను ఎడమ పక్క నుంచి బయటికి తీశారు. అందుకే చిత్రీకరణ కుడి వైపు నుంచే జరిగింది, ఎడమ వైపు వివరాలు లేకుండా మిగిలిపోయింది. బొమ్మకు నకలు కట్టేవాళ్లు ఎడమ వైపును అలాగే ఖాళీగా వదలాలి. నౌకకు నకలు కట్టేవాళ్లు కుడి వైపు వివరాలను తిరగేసి ఎడమకు తెచ్చుకోవాలి, అక్షరాలను మాత్రం తిరగేయకూడదు. పళ్లెం మీది గళ్ల గీతలదీ ఇదే సంగతి. అసలు బొమ్మ మీద అవి పెన్సిలుతో గీసిన సన్నని గీతలు. దించుకునే ఫైళ్లలో చాలావాటిలో వాటిని గాడులుగా చెక్కి ఉంచుతారు. 1:350 స్కేలులో అర మిల్లీమీటరు గాడి అంటే నిజం నౌక మీద 17.5 సెంటీమీటర్ల పగులు. పలకల మధ్య చెయ్యి దూరేంత సందున్న నౌక నౌకలా కనిపించదు. ఆ గాడులను ఫైలులోనే తీసేసి, రంగు ఆరాక 2హెచ్ పెన్సిలును సన్నగా చెక్కి గీసి, పైన మ్యాట్ క్లియర్, అంటే మెరుపు లేని పారదర్శక పూత పూయడం మేలు.

ఫొటోల నుంచి కొలతలు తీసేవాళ్లకు ఒక జాగ్రత్త. దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీసిన ఫొటోలో ముందున్న భాగం ఉబ్బి, వెనకది కుంచించుకుపోతుంది. దూరం నుంచి లాంగ్ లెన్సుతో, సరిగ్గా పక్క నుంచో పై నుంచో తీసిన ఫొటోలే పనికొస్తాయి. సెంటీమీటర్ల జోలికి పోకుండా ముందు నిష్పత్తులు తీయాలి. పళ్లెం వ్యాసాన్ని 100 అనుకుని మిగతావన్నీ దానితో కొలవాలి. రెండు శాతం తప్పు చిన్నదే అనిపిస్తుంది గాని, 36 సెంటీమీటర్ల పళ్లెం మీద అది 7 మిల్లీమీటర్లు.

ఇక ప్రింటు. 1:350లో పళ్లెం వ్యాసం 36.3 సెంటీమీటర్లు. ప్లాస్టిక్‌ను కరిగించి పొర మీద పొరగా పేర్చే మామూలు ఇంటి ప్రింటరు పీఠం 22 సెంటీమీటర్ల చదరం. కాబట్టి పళ్లేన్ని నాలుగు పావులుగా కోయాల్సిందే. ఒక్కో పావు 18.2 సెంటీమీటర్ల చదరంలో ఇమిడిపోతుంది. ఈ పావులను పీఠం మీద పడుకోబెట్టి ప్రింటు తీయడమే అందరూ చేసే పొరపాటు. వాలు తక్కువగా ఉన్న ఉపరితలం మీద పొరలు మెట్లు మెట్లుగా తేలతాయి. పొర మందం 0.2 నుంచి 0.12 మిల్లీమీటర్లకు తగ్గించినా మెట్లు సన్నబడతాయే తప్ప పోవు. వాటిని రుద్ది పోగొట్టే ప్రయత్నంలో వంపే మారిపోతుంది. అదే పావును కోసిన అంచు మీద నిలబెట్టి తీస్తే వాలు దాదాపు నిలువు గోడ అవుతుంది, మెట్లు మాయమవుతాయి. పలచని ముక్క నిలువుగా ఊగకుండా కింద పీఠానికి అంటుకునే 8 మిల్లీమీటర్ల పలచని అంచు (బ్రిమ్), పక్కన సపోర్టు ఇవ్వాలి. పైకి వెళ్లేకొద్దీ వేగం సగానికి తగ్గించాలి. పావులు కలిసే అంచుల్లో 4 మిల్లీమీటర్ల పిన్నులు పెడితే వాటికి రంధ్రాలు 4.2 ఉండాలి. రెండూ నాలుగే పెడితే పిన్ను దిగదు, బలవంతం చేస్తే అంచు చీలుతుంది. చిన్న వివరాలను, ద్రవ రెసిన్‌ను కాంతితో గట్టిపరిచే రెసిన్ ప్రింటరులో తీసుకోవచ్చు. బోలుగా తీసే రెసిన్ ముక్కకు కనీసం రెండు రంధ్రాలు ఉంచాలి. లోపల గట్టిపడని రెసిన్ మిగిలితే కొన్నాళ్లకు రంగుతో సహా గోడ పగులుతుంది.

ఈ నౌకలో అన్నిటికంటే కష్టమైన చోటు వెనక రెండు పొడవాటి ఇంజిన్ గొట్టాలను పట్టుకునే సన్నని వాలు స్తంభాలు. ఒక్క ప్లాస్టిక్ మీదే భారం వేస్తే మొదట్లో బాగానే నిలబడతాయి. నెలలు గడిచేకొద్దీ పీఎల్‌ఏ (ఇంటి ప్రింటర్లలో ఎక్కువగా వాడే ప్లాస్టిక్) మెల్లగా సాగి గొట్టాలు బయటికి ఒరుగుతాయి. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీఎల్‌ఏ మెత్తబడుతుంది కనుక ఎండ పడే కిటికీ పక్కన ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఒక్కో స్తంభం లోపల 3 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం దూర్చి, దాని అడుగును నౌక పొట్టలోని గట్టి దిమ్మెకు రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురుతో బిగించాలి. లైట్ల తీగలు కూడా ఆ గొట్టంలోంచే పోతాయి. ఈ కీలుకు సూపర్ గ్లూ వద్దు, అది పెళుసు, చిన్న దెబ్బకే ఊడుతుంది. ఎపాక్సీ ఆరేదాకా అట్టతో కోసిన చట్రంలో గొట్టాలను నిలిపి ఉంచాలి. చేతితో పట్టుకుని కంటితో సరిచూస్తే రెండూ సమాంతరంగా రావు. ముందు నుంచి చూసేవాళ్లకు మొదట కనబడేది ఆ తేడానే.

లైట్ల సంగతికి వస్తే, అవి రంగుకే కాదు, అంటించడానికి కూడా ముందు పని. 1.2 మిల్లీమీటర్ల తెల్ల పీఎల్‌ఏ గోడ వెనక ఎల్ఈడీ వెలిగిస్తే కిటికీలతో పాటు గోడంతా లాంతరులా వెలుగుతుంది. ప్రతి ముక్కకూ లోపల ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయాలి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు దాన్ని లోపలే తిప్పి కిటికీలకు పంపుతుంది. అతుకుల దగ్గర కాంతి కారుతుందేమో చీకటి గదిలో చూసి, కారిన చోట మళ్లీ నలుపు పూయాలి. 12 వోల్టుల అడాప్టరు వాడితే తెల్ల ఎల్ఈడీలు మూడింటిని వరసగా కలపొచ్చు. ఒక్కోటి 3.1 వోల్టులు తీసుకుంటే మిగిలేది 2.7 వోల్టులు. 10 మిల్లీయాంపియర్లకు 270 ఓమ్‌ల రెసిస్టరు సరిపోతుంది, పావు వాట్‌ది చాలు. నీలి ఛాయ తెలుపు వద్దు. అప్పటి బల్బుల రంగు రావాలంటే 2700–3000 కెల్విన్ వెచ్చని తెలుపు తీసుకోవాలి. చిన్న కిటికీలకు 0.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫైబరు బాగుంటుంది. దాన్ని సూపర్ గ్లూతో అంటిస్తే పెళుసుబారి వంచిన చోట విరుగుతుంది, తెల్ల వుడ్ గ్లూ వాడాలి. సూపర్ గ్లూ ఆవిరి పారదర్శక ముక్కల మీద తెల్లని మసక కూడా తెస్తుంది. ఇంజిన్ గొట్టాల ముందుండే గుండ్రని గోపురాలను మాత్రం ఎప్పటికీ అంటించకూడదు. వాటి వెనక రెక్కలు తిప్పే మోటారు ఏదో ఒక రోజు ఆగుతుంది. చిన్న అయస్కాంతాలతో పెడితే తీసి బాగుచేయొచ్చు. అంతా మూసే ముందు 24 గంటలు ఆపకుండా వెలిగించి చూడాలి.

వ్యాసం రెండు వాక్యాల్లో దాటేసిన పుట్టీ, రుద్దుడు పనికే నిజానికి ఎక్కువ కాలం పడుతుంది. అతుకులకు కార్లకు వాడే రెండు భాగాల పాలిస్టర్ పుట్టీ మంచిది. దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పుట్టీ బరువులో రెండు శాతం, అంటే 50 గ్రాముల పుట్టీకి ఒక గ్రాము. తొందరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే అది రంగులోంచి పైకి ఊరి మరక తేలుతుంది. గట్టిగా చిలికితే గాలి చేరి సూదిరంధ్రాలు పడతాయి, చదునుగా ఉన్న పలక మీద మడతపెట్టినట్టు కలపాలి. ట్యూబులో వచ్చే ఒకే భాగం పుట్టీ థిన్నరు ఆవిరైపోతూ రోజుల తరబడి కుంగుతుంది. నున్నగా రుద్ది రంగు వేసిన వారానికి అతుకు మళ్లీ గీతలా తేలడానికి చాలాసార్లు కారణం ఇదే. గీతలకు సరే గాని, లోతైన సందులకు అది వద్దు.

రుద్దడం 180 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 240కి వెళ్లాలి. ఆ తర్వాత సన్న గీతలను పూడ్చే అడుగు పూత, ఫిల్లర్ ప్రైమరు రెండు పూతలు వేసి ఒక రోజు ఆరనివ్వాలి. దాని మీద దూరం నుంచి నల్ల రంగు తుంపరగా చల్లి, 400 కాగితాన్ని చదునైన దిమ్మెకు చుట్టి నీటితో రుద్దాలి. నలుపు మిగిలిన చోటు పల్లం, ముందుగా ప్లాస్టిక్ బయటపడిన చోటు మెరక. కంటికి కనిపించని లోపాన్ని ఇంత స్పష్టంగా చూపించే పద్ధతి ఇంకోటి లేదు. వేలితో రుద్దితే మాత్రం వేలు మెత్తన కాబట్టి పల్లం అలాగే ఉండిపోతుంది. నలుపు పూర్తిగా పోయేదాకా ఈ వరస రెండు మూడు సార్లు చేయాలి. చివరగా 600.

రంగు గురించి క్లుప్తంగా. ఎనామిల్ (నెమ్మదిగా ఆరే నూనె రంగు) మీద లాకర్ (ఘాటైన థిన్నరుతో త్వరగా ఆరే రంగు) వేస్తే కింది పూత ముడతలు పడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున లాకర్ స్ప్రే చేస్తే తెల్లగా మసకబారుతుంది, ఆ రోజు పని ఆపడమే దారి. మాస్కింగ్ టేపు అంచు కిందికి రంగు పాకకుండా, ముందు అడుగు రంగునే ఒక పలచని పూత వేసి అంచు మూసుకుపోనిచ్చి, తర్వాత కొత్త రంగు వేయాలి. అక్షరాల డెకాల్స్ (నీటిలో తడిపి అతికించే పలచని అచ్చు బొమ్మలు) మ్యాట్ ఉపరితలం మీద అతికిస్తే గరుకులో గాలి చిక్కి వెండి రంగులో మెరుస్తుంది. మెరిసే (గ్లాసీ) క్లియర్ పూత మీద అతికించి, ఆరాక మొత్తానికి మ్యాట్ పూయాలి.

ముక్కుకు జేబురుమాలు అన్న సలహాను వచ్చే వారమే సవరించాలని గట్టిగా కోరుతున్నాం. అది పుట్టీ ధూళిని కూడా సరిగా ఆపదు. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది గాని థిన్నరు ఆవిరిని ఆపదు. లాకర్ స్ప్రే చేసేటప్పుడు ఆర్గానిక్ ఆవిర్లను పీల్చుకునే కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటరు కావాలి, గాలి బయటికి పోయే ఏర్పాటు కావాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. గట్టిపడని రెసిన్‌ను నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. అది ఒకసారి చర్మానికి సరిపడకుండా పోతే తర్వాత చుక్క తగిలినా దద్దుర్లు వస్తాయి. మీ అనుబంధాన్ని పిల్లలూ చదువుతారు.

చివరగా ఇంకో విన్నపం. వ్యాసంతో వేసిన నౌక బొమ్మను కాలమ్ వెడల్పుకు సరిపెట్టడానికి కుదించినట్టున్నారు. ఇకపై ‘1:350’ అని స్కేలు అచ్చువేసినా, బొమ్మను కుదించగానే ఆ అంకె చెల్లదు. దాని బదులు ప్రతి బొమ్మ పక్కనా, నౌక మీద 50 మీటర్లకు సమానమైన గీత ఒకటి గీసి, దాని కింద ‘50 మీటర్లు’ అని రాయండి. ఎంత కుదించినా గీత కూడా బొమ్మతో పాటే కుదించుకుపోతుంది. చదివేవాళ్లు స్కేలుబద్ద పెట్టి కొలుచుకుంటారు.

ఇట్లు,
స్కేల్ మోడళ్లు కట్టే కొందరు పాఠకులు