నేపుల్స్ నుంచి అమ్మ

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో "పాంపేయి ఎలా ఉందమ్మా?" అని అడిగితే "బాగుంది" అని ఊరుకున్నాను. అప్పుడు మాట రాలేదు. నాన్న ఇంకా లేవలేదు, ఈలోగా రాస్తున్నాను.

అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన ఆ పాత రోమన్ ఊరికి ఇక్కడి నుంచి లోకల్ ట్రైన్‌లో వెళ్ళాం. వీధులన్నీ నల్లరాయి పరిచినవే. బండి చక్రాలు తిరిగి తిరిగి ఆ రాళ్ళలో గాడులు పడ్డాయి. వీధి దాటేవాళ్ళ కాళ్ళకి మురుగు తగలకుండా ఎత్తు రాళ్ళు వేసి, బండి పోయేందుకు మధ్యలో సందులు వదిలారు. వానాకాలంలో మన సందులో ఇటుకలు వేసుకుని నిన్ను చెయ్యి పట్టి దాటించడం గుర్తొచ్చింది.

గుళ్ళూ, స్నానశాలలూ నాన్న తీరిగ్గా చూశారు. నేను మాత్రం ఒక రొట్టెల దుకాణం దగ్గరే ఉండిపోయాను. అగ్నిపర్వతపు రాతితో చేసిన పెద్ద తిరగళ్ళు, గాడిదలు తిప్పేవట. పక్కనే పొయ్యి. అక్కడ దొరికిన రొట్టె ఒకటి ఇక్కడి మ్యూజియంలో ఉంది. బొగ్గులా మాడిపోయినా, విరుచుకోవడానికి వీలుగా పెట్టిన ఎనిమిది ముక్కల గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పటి రొట్టె అది. ఎవరి ఆకలికోసం కాల్చారో.

మనుషుల అచ్చులు కూడా చూశాను. గట్టిపడిన బూడిదలో శరీరాలు పోయి ఖాళీలు మిగిలితే, 1863లో ఫియొరెల్లి అనే ఆయన వాటిలో ప్లాస్టర్ పోయించారు. ఒకాయన ముడుచుకు కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఫొటో తియ్యొద్దని నాన్నకి చెప్పాను.

అసలు నీకు చెప్పాలనుకున్నది మ్యూజియంలోని ఏనుగు దంతపు బొమ్మ గురించి. జానెడుకంటే కాస్త పొడుగు. 1938లో పాంపేయిలోని ఒక ఇంట్లో దొరికింది. చేతినిండా గాజులు, కాళ్ళకి బరువైన కడియాలు, నడుముకి వడ్డాణం. లక్ష్మీదేవి అని మొదట అన్నారట, యక్షిణి అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నేను మాత్రం చూడగానే చేతులు జోడించాను. శాతవాహనుల కాలంలో మన దక్కనులో చెక్కి ఉంటారని పండితుల అభిప్రాయం. అమరావతి శిల్పాల్లో ఆడవాళ్ళ నగలు ఇలాగే ఉంటాయి కదా! మన నల్గొండ జిల్లాలో రోమన్ నాణేలు దొరికాయని చిన్నప్పుడు నీకు చెప్పాను. అటునుంచి డబ్బు వచ్చింది, ఇటునుంచి ఈ బొమ్మ వెళ్ళిందని ఇక్కడ నిలబడితే కళ్ళ ముందు కనిపించింది.

నువ్వు కూడా ఒకసారి రావాలి. పాంపేయికి ఒక పూట చాలదు, రోజంతా పెట్టుకో. ఆ రాళ్ళమీద చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకో. నాకు రాత్రి మోకాళ్ళు బాగా నొప్పెట్టాయి గానీ నువ్వు టెన్షన్ పడకు, నాన్న వేడినీళ్ళ కాపడం పెట్టారు.

నాన్న లేచాక బొమ్మ ఫొటో పంపిస్తారు. ఆమె కాళ్ళ దగ్గర ఇద్దరు చిన్న పరిచారికలున్నారు. అలంకరణ సామాను పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళని దగ్గరగా చూడు.

ప్రేమతో,
అమ్మ